ముందు సగం పాసు, వెనక సగం పెండింగు

బండికి నాలుగు చక్రాలుంటాయని లోకంలో చాలామంది భ్రమపడుతుంటారు. బండికి నిజంగా ఉండేది ఒక ఫైలు. చక్రాలు, ఇంజిను, స్టీరింగు వగైరాలన్నీ ఆ ఫైలుకు జతపరచిన పత్రాలు మాత్రమే. ఈ సంగతి తెలియకుండానే బండలాయన యాభై రెండేళ్లు సుఖంగా బతికేశాడు. అందరికీ అంత అదృష్టం ఉండదు.

బండలాయన అంటే వంటింటి గట్ల మీద పరిచే నల్లరాతి బండలు కోసి, ఇళ్లకు చేరవేసి, బిగించి వచ్చే మనిషి. ఆయనకో పాత పికప్ బండి ఉంది. ఆ బండికి ఎంత వయసో, పక్క సీట్లో ఆయన భార్య కూర్చోవడానికీ అంతే వయసు. కొలతలన్నీ ఆవిడవే. టేపు పట్టుకుని ఎవరింటి వంటగదిలోకైనా వెళ్లి, సింకు ఎక్కడ, పొయ్యి ఎక్కడ, గోడ ఎక్కడ వంకర తిరిగింది అన్నీ నోటుబుక్కులో ఎక్కించుకొచ్చేది ఆవిడే. ఆయన సొంతంగా కొలిచిన గట్టు జీవితం మొత్తం మీద ఒక్కటే (పెళ్లయిన కొత్తలో, భార్య దగ్గర గొప్ప కోసం). అది కిటికీలోంచి రెండు జానలు బయటికి పొడుచుకొచ్చింది. ఆ ఇంటివాళ్లు దాని మీద ఇప్పటికీ బట్టలు ఆరేసుకుంటున్నారు.

అలాంటి జంట ఒక మిట్టమధ్యాహ్నం పదకొండు బండలేసుకుని ఎత్తురోడ్డు ఎక్కుతుండగా, వెనకాల ఫట్‌మంది. యాక్సిల్ విరిగింది. ఎడమ చక్రం డ్రమ్ముతో సహా బయటికి జారి, బ్రేకు పైపు తెగి, బండి వెనక్కి నడవడం మొదలుపెట్టింది. బండలాయన బ్రేకు తొక్కాడు. పాదం నేల దాకా వెళ్లింది గానీ బండి మాత్రం ఆగలేదు. ఇరవై గజాలు వెనక్కి దొర్లి, ఎవరో ఇల్లు కట్టుకోవడానికి పోయించుకున్న ఇసక గుట్టలో కూరుకుపోయి ఆగింది. భార్య మెల్లగా దిగి, బట్టలు దులుపుకుని, టేపు చేతిలోకి తీసుకుంది.

"గట్టి యాక్సిల్ వేయించాక చెప్పు. అప్పుడెక్కుతా" అని చెప్పి, నడుచుకుంటూ ఇంటికెళ్లిపోయింది.

ఆవిడ ఎక్కకపోతే కొలతల్లేవు. కొలతల్లేకపోతే బండల్లేవు. బండలాయనకు ఇది అరక్షణంలో అర్థమైంది. సరాసరి బావమరిది షెడ్డుకి వెళ్లాడు.

బావమరిది మెకానిక్కు. బండి కిందికి దూరితే మళ్లీ భోజనం వేళకి గానీ బయటికి రాని రకం. అక్క ఇసక గుట్ట మీదికి దొర్లిందని వినగానే, అదేదో తన పనితనానికే మచ్చన్నట్టు మొహం ఎర్రబడింది. తుక్కు దుకాణాలన్నీ గాలించి, ఒక పెద్ద లారీకి తమ్ముడి వరసయ్యే సైజు బండి వెనక యాక్సిల్ పట్టుకొచ్చాడు. తొడంత లావు ఉంది. తొమ్మిది రోజులు పట్టింది. బండి బరువు మోసే స్ప్రింగు కమాన్లు కూర్చునే పీటలు కోసి కొత్తవి అతికాడు. ప్రొపెల్లర్ షాఫ్టు నాలుగు వేళ్ల పొడుగు తగ్గించాడు. బ్రేకు పైపులన్నీ కొత్తవేశాడు. ముందు చక్రాలకు ఐదేసి నట్లు, వెనక చక్రాలకు ఆరేసి. స్టెప్నీలు కూడా రెండు పెట్టుకోవాల్సొచ్చింది, ముందుకొకటీ వెనక్కొకటీ.

"బావా, ఇక నువ్వు బండలు కాదు, బండలు కోసే మిషన్నే ఎక్కించుకో. ఇది చెక్కుచెదిరితే నా పేరు మార్చుకుంటా" అన్నాడు బావమరిది, చేతులు తుడుచుకుంటూ.

పదకొండు బండలూ మళ్లీ ఎక్కించారు. అదే ఎత్తురోడ్డు. భార్య ఎక్కి కూర్చుని తలుపు పిడిని గట్టిగా పట్టుకుంది. బండి మూలగకుండా, ముక్కకుండా, హాయిగా ఎక్కేసింది. పైకెళ్లాక ఆవిడ పిడి వదిలేసి, నోటుబుక్కు తెరిచి, "మొదటిల్లు ఎవరిదీ?" అంది. బండలాయనకు కళ్లు చెమర్చాయి. ముప్ఫయ్యేళ్ల కాపురంలో భార్య తనను నమ్మడం ఆయన కళ్లారా చూడటం అదే మొదలు.

కథ ఇక్కడితో అయిపోవాల్సింది. కానీ బండలాయనకు ఒక చెడ్డ అలవాటుంది. కాగితాల వెనక వైపు కూడా చదువుతాడు.

బండి రిజిస్ట్రేషను పుస్తకం ఆఖరి పేజీలో, చీమకాళ్లంత అక్షరాల్లో ఇలా ఉంది: "వాహనమునందు ఎట్టి మార్పు చేసినను పదునాలుగు దినముల లోపల కార్యాలయమునకు తెలియజేయవలెను."

"బావా, నీకేమన్నా పిచ్చా? నువ్వు చెప్తే తప్ప ఎవడికి తెలుస్తుంది? ఎవడు కిందికి దూరి చూస్తాడు?" అన్నాడు బావమరిది.

"తెలీకపోతే తప్పు కాకుండా పోద్దా? మనం చేసిందేమన్నా దొంగతనమా? బండికి బలం తెచ్చాం. చూపిస్తే వాళ్లే మెచ్చుకుంటారు."

"మెచ్చుకుంటారు" అన్నాడు బావమరిది. ఆ మాటని అంత దిగులుగా అనడం ఆ షెడ్డులో అంతకుముందు ఎవరూ వినలేదు.

దరఖాస్తు చేసుకోవడానికి ఇప్పుడు ఆఫీసుకి వెళ్లక్కర్లేదు. ప్రజల సౌకర్యార్థం 'సులభయానం' అని ఒక యాప్ పెట్టారు. (యాప్ వచ్చాక ఆఫీసు ముందు క్యూ పూర్తిగా పోయింది. ఇప్పుడున్నది యాప్ పనిచేయడం లేదని చెప్పడానికి వచ్చినవాళ్ల క్యూ.) అందులో మార్పు రకం ఏమిటని అడిగింది. రంగు, సీటు, హారను, అద్దం, ఇతరములు. బండలాయన 'ఇతరములు' నొక్కాడు. 'ఇతరములు ఏవియు లేవు' అని వచ్చింది. చివరికి విసుగొచ్చి 'సీటు' నొక్కితే ముందుకెళ్లింది. ఆ తర్వాత మార్చిన భాగం ఫొటో కావాలంది. తెల్లటి నేపథ్యం ఉండాలి, మూడు నెలల లోపు తీసినదై ఉండాలి, ముఖం సూటిగా కెమెరా వైపు చూస్తుండాలి. బావమరిది పడక మీది తెల్ల దుప్పటి తెచ్చి బండి కింద అడ్డంగా కట్టాడు. యాక్సిల్ ముఖం ఏ వైపో తేలక ఇద్దరూ అరగంట వాదించుకున్నారు.

నాలుగో రోజున పిలుపొచ్చింది. బండితో సహా రమ్మన్నారు.

ఆఫీసు చాలా శాస్త్రీయంగా ఏర్పాటు చేశారు. కింద అంతస్తులో ముందు భాగాల విభాగం, పై అంతస్తులో వెనుక భాగాల విభాగం. మెట్ల మలుపు దగ్గర మధ్య భాగాల విభాగం ఉండేదిగానీ, ఆ అధికారి రిటైరయ్యాక ఆ పోస్టు భర్తీ కాలేదు. అప్పట్నుంచి రికార్డుల ప్రకారం ఏ బండికీ మధ్య భాగం లేదు.

ముందు భాగాల వాళ్లు పావుగంటలో తేల్చేశారు. లైట్లు వెలిగించి చూశారు, హారను కొట్టి చూశారు, చక్కటి సగం చందమామ ఆకారంలో ఉన్న స్టిక్కరు అద్దం మీద అంటించారు.

"మీ ముందు సగం పాసండీ. రేపట్నుంచి రోడ్డెక్కించుకోవచ్చు" అన్నాడు మూడో కిటికీ గుమస్తా, పెన్ను మూత కొరుకుతూ.

"వెనక సగమండీ?"

"అది పైవాళ్లు తేల్చేదాకా కదలకూడదు."

"రెండూ అతుక్కునే ఉన్నాయి కదండీ."

"అది మీకూ మీ మెకానిక్కుకీ సంబంధించిన విషయం" అన్నాడు గుమస్తా, నొప్పించకుండా.

వెనుక భాగాల విభాగాధికారి నిజంగా మర్యాదస్థుడు. కుర్చీ చూపించాడు. మెట్లు దిగొచ్చి, వంగి, నట్లు లెక్కపెట్టుకున్నాడు. రెండోసారి కూడా లెక్కపెట్టాడు. మళ్లీ మెట్లెక్కి కూర్చుని, పుస్తకం తీశాడు.

"మీ మోడల్‌కి మా పుస్తకంలో ఇరవై నట్లు. మీరు ఇరవై రెండు చూపిస్తున్నారు. ఆ రెండూ ఎక్కడివి?"

"వెనక యాక్సిల్ పెద్దదండీ. ఆరేసి ఉంటాయి."

"అంటే అదనపు నట్లు."

"తీసేయమంటారా?"

"తీస్తే భద్రతా నిబంధన దెబ్బతింటుంది. ఉంచితే లెక్క దెబ్బతింటుంది. మీకు ఏది సౌకర్యమో రాసివ్వండి, దాని మీదే చర్య తీసుకుంటాం."

అక్కడితో అయిపోలేదు. యాక్సిల్‌తో పాటు దాన్ని తిప్పే పళ్లచక్రం, అదే క్రౌను, మారడం వల్ల మీటరులో అరవై చూపిస్తే బండి నిజానికి యాభైలోనే పోతోందని బండలాయన తనంతట తనే చెప్పేశాడు (అడగని సంగతి చెప్పడం కూడా ఆయన చెడ్డ అలవాట్లలో ఒకటి). అధికారి కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. అంటే ఈ బండి వెళ్లని దూరాన్ని వెళ్లినట్టు చూపిస్తోందన్నమాట. వెళ్లని దూరాలు వెళ్లినట్టు రాసుకునే సదుపాయం ఆ ఆఫీసులో కొన్ని హోదాలకే ఉంది. ఒక పికప్ బండికి అది వర్తిస్తుందో లేదో పైవాళ్లను అడిగి తెలుసుకోవాలని నోట్ పెట్టారు.

"సరే, అసలు ఈ ఇరుసు ఎవరిది?" అనడిగాడు అధికారి.

"తుక్కు దుకాణంలో కొన్నామండీ. రసీదు ఉంది."

"తుక్కు బండి అంటే రిజిస్ట్రేషను రద్దయిన బండి. రద్దయిన బండి రోడ్డు మీద తిరగరాదు. మీ బండి తిరిగితే దాని ఇరుసు తిరుగుతుంది. ఇరుసు తిరిగిందంటే ఆ బండి తిరిగినట్టే."

"అంటే నా బండి సగం చచ్చిపోయిందంటారా?" అన్నాడు బండలాయన.

"వెనక సగమే. ముందు సగం నిక్షేపంగా ఉంది, ఇప్పుడే రికార్డు చూశాను" అని ధైర్యం చెప్పాడు అధికారి.

ఆ ధైర్యంతో పాటే ఒక నోటీసు కూడా ఇచ్చాడు. ఏడు రోజుల లోపల బండిని 'అసలు స్థితి'లో తెచ్చి చూపించాలి. లేకపోతే మొత్తం బండి రిజిస్ట్రేషను రద్దు చేసి, నుజ్జు చేసే యంత్రానికి అప్పగిస్తారు.

"అసలు స్థితిలో అది విరిగి ఉందండీ" అన్నాడు బండలాయన.

"విరిగింది తెస్తే ఎలా పాస్ చేస్తాం? విరగనిది తెండి."

"విరగకపోతే నేను మార్చేవాణ్నే కాదు కదండీ!"

అధికారి మొహం వెలిగిపోయింది. తరగతిలో ఆఖరి బెంచీ పిల్లాడు సరైన జవాబు చెప్పినప్పుడు మాస్టారికి వెలిగినట్టు. "ఇప్పుడు మీకు అర్థమైంది. విరిగితే అది ప్రమాదం, మా విభాగం కాదు. విరగకపోతే మార్చనక్కర్లేదు. అందుకే పదిహేడేళ్లుగా మా దగ్గర ఇరుసు మార్పు దరఖాస్తు ఒక్కటి కూడా పెండింగులో లేదు."

ఇంటికొచ్చి సంగతి చెబితే భార్య నోటుబుక్కు మూసి పక్కన పెట్టేసింది. తర్వాత అంది: "ఆ పాతది మళ్లీ పెడితే నేనెక్కను. ఆఫీసుకి కాదు, వీధి చివరికి కూడా ఎక్కను. నాకు భయం. నీకు చెప్పలేదు గానీ, ఆ ఇసక గుట్ట రోజూ కళ్లలో మెదుల్తోంది."

"ఒక్కరోజేనే. చూపించకపోతే బండిని పచ్చడి చేసేస్తారట."

బావమరిది ఆరు నట్ల యాక్సిల్ విప్పాడు. విరిగిన పాతది అతికాడు. కమాన్ల పీటలు మళ్లీ కోశాడు, మళ్లీ అతికాడు. తన చేత్తో తనే చెడగొట్టుకుంటున్న పని కాబట్టి రోజంతా పళ్లు కొరుకుతూనే ఉన్నాడు.

"బావా, ఈ అతుకు ఆఫీసు దాకా వెళ్తుంది. తిరిగొస్తుందా అని మాత్రం నన్నడక్కు."

ఏడో రోజు పొద్దున్నే బండలాయన ఒక్కడే బయల్దేరాడు. దారి పొడుగునా ఊపిరి కూడా నెమ్మదిగా పీల్చాడు, బరువెక్కువవుతుందేమోనని. ఆఫీసు వెనకాల పరీక్షకు కట్టిన వాలు ఒకటుంది. నిబంధన ప్రకారం బరువు కోసం ఆఫీసు బండలే నాలుగు బండిలో పెట్టించి, వెనుక భాగాల విభాగాధికారి స్వయంగా పక్క సీట్లో కూర్చున్నాడు.

"కానివ్వండి" అన్నాడు.

"దిగి చూస్తే మంచిదేమోనండీ."

"కింద నుంచి చూడటం ముందు భాగాల వాళ్ల పద్ధతి. మేము లోతుగా పరిశీలిస్తాం."

సగం వాలు ఎక్కారో లేదో, ఫట్‌మంది. బండి వెనక్కి మళ్లి, గతంలో స్వాధీనం చేసుకున్న పాత టైర్ల గుట్టలోకి వెళ్లి కూర్చుంది. రెండు టైర్లు దొర్లుకుంటూ వచ్చి గేటు దగ్గర పడిపోయాయి. అధికారి మోకాలు డాష్‌బోర్డుకి కొట్టుకుంది. కళ్లజోడు ఒక చెవికి వేలాడుతోంది. ఇక నుజ్జు యంత్రమే గతి అనుకున్నాడు బండలాయన.

అధికారి కళ్లజోడు సరిచేసుకుని, ఒళ్లో ఉన్న ఫైలు తెరిచాడు. "పోయినసారి కూడా ఇలాగే విరిగిందా?"

"అచ్చం ఇలాగేనండీ. ఎడమ వైపే."

"అయితే వాహనం అసలు స్థితికి వచ్చేసినట్టే" అని, అక్కడికక్కడే ముద్రేసి, రెండో సగం చందమామ స్టిక్కరు చేతిలో పెట్టాడు. "ఏడాది పాటు రోడ్డు మీద తిరగడానికి అన్ని విధాలా యోగ్యం."

"విరిగిపోయింది కదండీ?"

"పరీక్ష మొదలైనప్పుడు విరగలేదుగా. రికార్డుకి మొదలైన టైమే లెక్క. ఆ తర్వాత జరిగింది మీ సొంత వాడకం కిందికి వస్తుంది."

అన్ని విధాలా యోగ్యమైన ఆ బండిని తాడు కట్టి షెడ్డుకి లాక్కెళ్లారు. బావమరిది స్టిక్కరు వంకా, చక్రం వంకా మార్చి మార్చి చూశాడు.

"ఇప్పుడేం చేద్దాం బావా?"

"ఆరు నట్లది ఎక్కించు."

"మరి ఆఫీసుకి చెప్పాలిగా? పద్నాలుగు రోజుల్లో?"

బండలాయన రిజిస్ట్రేషను పుస్తకాన్ని సీటు కిందికి తోసేశాడు. "ఏం చెప్పాలి? బండికేమైందనీ?" అన్నాడు.

ఆయన జీవితంలో ఆడిన మొదటి అబద్ధం అదే. రెండు రోజులు ముద్ద దిగలేదు. మూడో రోజు భార్య ఎక్కి కూర్చుని, తలుపు పిడి పట్టుకోకుండానే నోటుబుక్కు తెరిచింది. బండలాయనకు ఆకలి తిరిగొచ్చింది.

ఏడాది తిరిగేసరికి మళ్లీ ఫిట్‌నెస్ గడువొచ్చింది. ఈసారి భార్య కూడా వెంట వచ్చింది. వెనుక భాగాల విభాగాధికారికి ఆ పరీక్ష తర్వాత మోకాలు వంగడం లేదు, అందుకని మెట్లు దిగడం మానేశాడు. బళ్లను కుర్చీలోంచే తనిఖీ చేస్తున్నాడు. (దీనివల్ల పని వేగం మూడింతలు పెరిగిందని మెచ్చుకోలు పత్రం కూడా వచ్చింది. గోడకి తగిలించారు.)

"కంపెనీ ఇరుసేనా?" అనడిగాడు.

బండలాయన దారంతా సాధన చేసుకునే వచ్చాడు. "కంపెనీదేనండీ."

"ఏడాదిలో ఎన్నిసార్లు విరిగింది?"

"ఒక్కసారి కూడా లేదండీ. నిశ్చింతగా ఉంది."

"చూశారా! అనవసరంగా అప్పుడు ఎంత కంగారుపడ్డారో. కొత్తది కావాలన్నారు, నట్లన్నారు. మేం అడ్డుపడబట్టి సరిపోయింది." అధికారి నిజంగానే సంతోషించాడు. పెన్ను తీశాడు.

అప్పుడే లోపలికి ఒకావిడ వచ్చింది. పికప్‌లో కూరగాయలు వేసుకుని వీధులు తిరిగి అమ్ముకునే మనిషి. చేతిలో దరఖాస్తు. అదే మోడల్ బండి, యాక్సిల్ పగులు చూపించిందట. తుక్కు దుకాణంలో లావుపాటిది ఒకటి చూసి పెట్టుకుంది. బిగించకముందే ఒక మాట అడిగిపోదామని వచ్చింది.

"మంచి వేళకొచ్చారమ్మా" అన్నాడు అధికారి, బండలాయన ఫైలు ఆమె వైపు తిప్పుతూ. "ఇదిగో, మీ మోడలే. మీవి కూరగాయలు, వీరివి రాతి బండలు. కంపెనీ ఇరుసుతోనే ఏడాదిగా తిరుగుతోంది. నా మాట కాదు, వీర్నే అడగండి."

ఆమె తిరిగింది. "నిజమేనా అన్నయ్యా? మీది విరగలేదా? బుట్టల మధ్యలో మా పిల్లలిద్దరూ కూర్చుంటారు, అందుకని అడుగుతున్నా. మీరు నడిపేవాళ్లు కదా, మీరు చెప్తే నమ్ముతా."

బండలాయన తలుపు దగ్గరున్న భార్య వంక చూశాడు. ఆవిడ నేల చూపులు చూస్తోంది. బల్ల మీద ఫైలు తెరిచే ఉంది. సంతకం కావాల్సిన చోట అధికారి పెన్ను మొన ఆగి ఉంది. నిజం చెబితే ఈ సాయంత్రానికే బండి నుజ్జు యంత్రం నోట్లో ఉంటుంది.

"నిజమేనమ్మా" అన్నాడు.

అధికారి రెండు సంతకాలూ ఒకే ఊపులో పెట్టాడు, బండలాయన ఫైలు మీద ఒకటి, 'మార్పు అనవసరం' అని రాసి ఆమె దరఖాస్తు మీద ఒకటి. ఆమె కాగితం కింద సాక్షి అని ఉన్న గళ్లో బండలాయన చేత సంతకం పెట్టించాడు. ఆమె ఇద్దరికీ నమస్కారం పెట్టి, నిశ్చింతగా మెట్లు దిగి వెళ్లిపోయింది.

"ఏంటలా నిలబడ్డావ్? వెళ్లి చెప్పు!" అంది భార్య, పళ్ల బిగువున.

బండలాయన రెండేసి మెట్లు దూకుతూ కిందికి పరిగెత్తాడు. గేటు దాకా వెళ్లాడు. కూరగాయల బండి వీధి మలుపు కూడా దాటిపోయింది. రొప్పుకుంటూ వెనక్కొచ్చి మూడో కిటికీ ఊచలు పట్టుకున్నాడు.

"ఇప్పుడొచ్చినావిడ ఏ వీధిలో ఉంటారండీ? దరఖాస్తులో ఉంటుంది, ఒక్కసారి చూసి చెప్పండి బాబూ, చాలా అవసరం."

"ఆ దరఖాస్తు పరిష్కారమైపోయిందని ఇప్పుడే పైనుంచి కబురొచ్చిందండీ, ఇక తెరవడం కుదరదు" అన్నాడు గుమస్తా, పెన్ను మూత నోట్లోంచి తీసి. తర్వాత ఆ మొహం చూసి జాలేసిందేమో, కిటికీలోంచి చెయ్యి బయటికి చాపి బండలాయన చెయ్యి పట్టుకుని ఊపాడు. "వచ్చిన రోజే పరిష్కారమైన దరఖాస్తు మా ఆఫీసులో ఇదే మొదటిది. అంతా మీ సాక్ష్యం చలవే."